సుందరమ్మ టీచరు తెల్లచీర చట్టం

జమ్మలమడుగులో పోలీసు స్టేషనుంది, కోర్టుంది. ఆ రెండూ చాలవన్నట్టు సుందరమ్మ టీచరు కూడా ఉంది. పోలీసుల చేతిలో పడితే జామీనన్నా దొరుకుతుంది; సుందరమ్మ దగ్గర ఆ పప్పులేమీ ఉడకవు. ముప్పయ్యేళ్లుగా పేటలోని బడిలో ఎక్కాలు చెబుతోంది కాబట్టి, చుట్టుపక్కల నలభై లోపు ఆడవాళ్లలో సగం మంది ఏదో ఒకనాడు ఆమె ముందు గోడకుర్చీ వేసినవాళ్లే. పెళ్లయి, పిల్లల తల్లులై, ఒళ్లు చేసినా సరే, టీచరు ఎదురైతే వాళ్ల చేతులు వాటంతటవే కట్టుకుంటాయి.

బడి లేని ఆదివారం ఆమెకు చర్చి ఉంది. స్త్రీల సమాజానికి ఆమే సెక్రెటరీ. నెలలో మొదటి ఆదివారం ప్రభు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఆ రోజు ఆడవాళ్లు తెల్లచీర కట్టుకుని రావడం అవ్వల కాలం నుంచి వస్తున్న అలవాటు. ఆ అలవాటును చట్టం చేసి కూర్చున్నది మాత్రం సుందరమ్మే. చెప్పులు విడిచే మెట్ల దగ్గర నిలబడి, అంచు వెడల్పు మొదలుకొని జాకెట్టు రంగు దాకా కళ్లతోనే కొలిచేది. లేత గులాబీ జాకెట్టు వేసుకొచ్చిన ఒక కొత్త కోడలిని పట్టుకుని, "ఏంది పాపా, పెండ్లికి పోతాండావా, ప్రభువు బల్ల దగ్గరికి పోతాండావా?" అని అందరి ముందూ అడిగేసింది. ఆ పిల్ల మళ్లీ రెండు నెలలు ఆ గడప తొక్కలేదు.

పాస్టరు దయానందం అయ్యగారు మెత్తటి మనిషి. "దేవుడు హృదయం చూస్తాడు గదా టీచర్" అని ఒకసారి గొణిగాడు.

"దేవుడు అది చూసుకోనీ అయ్యగారూ. నేను చీర చూస్తా. ఎవరి పని వాళ్లది" అంది సుందరమ్మ. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అట్లాంటి సుందరమ్మ ఒక మొదటి ఆదివారం కాఫీపొడి రంగు చీర కట్టుకుని చర్చికి వచ్చింది!

ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు గానీ, నోరు తెరిచి అడిగే మొనగత్తె ఎవరు? ఆ పై నెల ముదురు నీలం. ఆ తర్వాత వక్కరంగు. దాంతో వాళ్లలో వాళ్లే తీర్పు చెప్పేసుకున్నారు, చట్టం రద్దయిందని. ఇంకేముంది, చిలకపచ్చలు, కనకాంబరాలు, నెమలికంఠాలు, బీరువాల్లో మూలుగుతున్న రంగులన్నీ ప్రభు సంస్కారానికి బయలుదేరాయి. అందరికంటే ముందు తెల్లచీర వదిలింది సాక్షాత్తూ పాస్టరు భార్య రెబెకా అమ్మగారు. మెరూన్ చీరలో ముందు బెంచీలో కూర్చుంది. పాపం, ఎన్నేళ్ల మోజో, ఇన్నాళ్లకు తీర్చుకుందని అందరూ చాటుగా నవ్వుకున్నారు. సుందరమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ నోరు తెరిస్తే మొదట తన చీర సంగతే బయటికి వస్తుంది. గమ్మున వెనక బెంచీలో కూర్చుని పాట పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయింది.

సంగతేమంటే, ఆమెకు యాభై ఆరేళ్లు. నెలసరి ఆగిపోయి ఆరేళ్లయింది. ఆగిపోయినది మళ్లీ కొద్దికొద్దిగా కనబడటం మొదలైంది. ఒకరోజు ఉంటుంది, పది రోజులు ఉండదు, హమ్మయ్య అనుకునే లోపు మళ్లీ మరక. తెల్లచీర కట్టుకుని చర్చిలో లేచి నిలబడినప్పుడు వెనక బెంచీ వాళ్ల కంట పడితే? ఆ భయంతో తెల్లచీరలన్నీ మడతపెట్టి ట్రంకు పెట్టె అడుక్కు తోసేసింది. వేడి చేసిందని తనకు తానే చెప్పుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది, బార్లీ నీళ్లు తాగింది, చివరికి ఎర్రకారం మానేసింది. కడప జిల్లాలో పుట్టి ఎర్రకారం మానేసిందంటే మనిషి ఎంత బెదిరిపోయిందో మీరే అర్థం చేసుకోండి. డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు.

ఎదురింటి హజరాబీకి కొంచెం అనుమానం తగిలింది. హజరాబీ బట్టలు కుట్టే మనిషి, సుందరమ్మతో ఒకే బెంచీలో చదువుకున్నది. కొడుకూ కోడలూ కువైట్లో ఉంటే, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు మసరత్‌ను ఆమే సాకుతోంది. ఎప్పుడూ తెల్ల లంగాలు తప్ప వేరేవి ఎరగని సుందరమ్మ నల్లగుడ్డ తెచ్చి మిషను మీద పడేసింది.

"ఎవరు పోయినారే?" అంది హజరాబీ.

"ఎవరూ పోలేదు. నలుపైతే మాసిపోదని."

"ఇన్నేండ్లూ మాసిపోలేదా నీ లంగాలు?"

"కుడతావా, వేరే టైలర్‌ను చూసుకోమంటావా?" అని సుందరమ్మ కసిరేసరికి, హజరాబీ గుడ్డ అందుకుంది.

ఎండలు ముదిరే రోజుల్లో అయ్యగారు ఒక కబురు తెచ్చాడు. ప్రొద్దుటూరు నుంచి ఒక ఆసుపత్రి వాళ్లు చర్చి వెనక హాల్లో క్యాంపు పెడతారట. ముప్పై దాటిన ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేస్తారు, క్యాన్సరు ముందుగానే పట్టుకోవడానికి. ఆడపిల్లలకు ఆ జబ్బు రాకుండా టీకా వేస్తారు. కులం మతం లేదు, పేటలో ఎవరైనా రావచ్చు. అంతా బాగుంది గానీ, ఆడవాళ్లను ఇళ్లలోంచి కదిలించేదెవరు? అందరూ వెనక బెంచీ వైపు తిరిగి చూశారు.

కాదంటే ఎందుకు కాదన్నదని గుచ్చి గుచ్చి అడుగుతారు. పైగా పెత్తనం ఎదురుగా వచ్చి నిలబడితే వద్దనడం సుందరమ్మకు పుట్టుకతో రాని విద్య. "నేను చూసుకుంటా" అంది.

చూసుకుంది కూడా, బ్రహ్మాండంగా! ఇల్లిల్లూ తిరిగింది. పొయ్యి దగ్గరున్నదాన్ని పొయ్యి దగ్గరే, నీళ్లు పట్టేదాన్ని కొళాయి దగ్గరే పట్టుకుంది. "సిగ్గేందే సిగ్గు? ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడు యాడ పెట్టినావు ఈ సిగ్గు?" అని ఒకామెను దులిపింది. "మా ఇంటా వంటా లేదు టీచర్" అన్నదాన్ని, "మీ ఇంటా వంటా డిగ్రీ కూడా లేదు, అయినా నీ కొడుకు చదవలేదా?" అని నోరు మూయించింది. ఆ జబ్బు నడత చెడ్డవాళ్లకే వస్తుందని పేటలో ఒక మాట నాటుకుపోయి ఉంది. దాన్ని పీకేయడానికి సుందరమ్మ తన తెలివంతా ఉపయోగించి ఒక మాట తయారుచేసింది. "ఇది మనం తెచ్చుకునేది కాదు. మగోళ్లు మోసుకొచ్చి అంటించే వైరస్సు. తప్పు వాళ్లది పెట్టుకుని మనకేంటికి సిగ్గు?"

ఆ మాట పేటలో నిప్పంటుకున్నట్టు అంటుకుంది. ఆడవాళ్లకు సిగ్గు పోయింది, కుతూహలం వచ్చింది. మగవాళ్లకు మాత్రం కాళ్ల కింద నేల కదిలింది. భార్య పరీక్షకు పోతే మొగుడి బండారం బయటపడుతుందని అర్థం చేసుకున్నారు మహానుభావులు! ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే సమాధానం చెప్పని ఘనులు కూడా టీచరమ్మ ఇంటి ముందు చెప్పులు విడిచారు. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా యజ్ఞనారాయణ అయితే తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"టీచరమ్మా, మా వైదేహికి ఆ పరీక్ష అక్కర్లేదు లెండి. ఆమె ఆరోగ్యంగా ఉండాది."

"ఆమె ఆరోగ్యంగానే ఉండాది సామీ. నీకెందుకు చెమటలు పడతాండాయి?"

"ఎండలు గదమ్మా" అంటూ ఆయన వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రమే వైదేహి వచ్చి పేరు రాయించుకుంది. ఆమె టీచరు బడిలోనే తెలుగు చెబుతుంది, పిలిస్తే తప్ప పలకని మనిషి. "మొదట వద్దనుకుంటి టీచర్. ఈయన ఇంతగా బెదురుతాంటే ఇంక పోకుండా ఎట్లుంటా?" అంది నెమ్మదిగా.

సుందరమ్మ పగలబడి నవ్వింది. నవ్వుకుంటూనే ఇంట్లోకొచ్చి లైటు వేసింది. గోడ మీద ఆమె భర్త పాల్ రాజు ఫోటో ఉంది. ఖాకీ చొక్కా, జేబులో పెన్ను, భుజానికి టికెట్ల సంచి. జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే బస్సులో కండక్టరుగా పనిచేసి, పోయి పదేళ్లయింది. వారంలో సగం రాత్రులు నైట్ హాల్టని పులివెందులలోనే పడుకునేవాడు. డిపో గదిలోనే పడుకునేవాడా, ఇంకెక్కడైనానా అని సుందరమ్మ ఏనాడూ అడగలేదు. అడగాలని ఒకటి రెండుసార్లు అనిపించినా, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. ఇప్పుడు తను క్యాంపులో ఆ పరీక్ష బల్ల మీద పడుకుంటే, ఆ ప్రశ్న పరీక్షే అడుగుతుంది. జవాబు ఊరంతా వింటుంది. మగవాళ్లు తెచ్చేదేనని ఇంటింటికీ తిరిగి చాటింది తనే కదా! యజ్ఞనారాయణను చూసి నవ్విన పేట, పాల్ రాజును చూసి నవ్వదా? సుందరమ్మకు నవ్వు ఆగిపోయింది. ఫోటో వైపు చూడకుండా అన్నం పెట్టుకుని, తినకుండానే మూత పెట్టేసింది.

పేటలో అందరూ ఒప్పుకున్నా హజరాబీ ఒక్కతే మొండికేసింది. "నాకు వద్దు. పిల్లకు ఆ టీకా అసలే వద్దు. పిల్లలు పుట్టరంట దానివల్ల."

"ఎవరు చెప్పినారే?"

"ఫోన్లో వచ్చింది."

"నీ ఫోన్లో ఉల్లిగడ్డ చంకలో పెట్టుకుంటే షుగర్ పోతాదని కూడా వచ్చింది. పోయిందా నీకు షుగరు?"

హజరాబీ మిషను ఆపింది. "సరే, నువ్వు చేయించుకున్నావా?"

సుందరమ్మ ఒక్క క్షణం కూడా తడబడలేదు. ముప్పయ్యేళ్ల టీచరు కదా. "ఎప్పుడో! పులివెందులకు మా సలోమి ఇంటికి పోయినప్పుడు ఆడ పెద్ద ఆసుపత్రిలో చేయించుకుంటి. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు." సలోమి ఆమె చెల్లెలు. అబద్ధం చెప్పడానికి కూడా ఆమెకు పులివెందులే దొరికింది.

"నిజంగా నొప్పుండదా?"

"ఏసు తోడు... అని ఒట్లు పెట్టను గానీ, ఉండదు" అని సుందరమ్మ లేచి వచ్చేసింది.

క్యాంపు రోజున చర్చి హాలు పెళ్లివారి విడిదిలా ఉంది. పరీక్ష బల్లకు అడ్డంగా కట్టడానికి వేరే తెర దొరక్క, క్రిస్మస్ నాటకానికి వాడే నీలం తెర కట్టారు. దాని నిండా తళుకు కాగితం నక్షత్రాలు. గొర్రెల కాపరులు నిలబడే చోటికి పేట ఆడవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు; బిగుసుకున్న మొహంతో పోయినవాళ్లు "అంతేనా?" అనుకుంటూ బయటికి వస్తున్నారు. లోపల కౌముది అని చిన్న వయసు డాక్టరమ్మ. ఒకసారి చూసి, మెత్తటి కుచ్చుతో కొంచెం తీసి సీసాలో వేసుకుంటుంది, అంతే పని. సుందరమ్మ తెర దగ్గర నిలబడి, "తర్వాత! యాడ చూస్తాండావు, నువ్వే!" అంటూ బడి గంట లేని లోటు తీరుస్తోంది. రెబెకా అమ్మగారు పొద్దున్నుంచి స్టవ్వు దగ్గరే ఉంది. వచ్చినవాళ్లందరికీ టీ. "అమ్మగారూ, మీరు కూడా ఒకసారి..." అని నర్సు పిలిస్తే, "అయ్యో, పాలు పొంగిపోతాయి తల్లీ" అంది. ఎంత సేవో అని అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నానికి చివరి కుర్చీలో హజరాబీ మిగిలింది, పక్కన మసరత్. తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్లను ముందుకు పంపించి, ఇంక పంపడానికి ఎవరూ లేక ఇరుక్కుపోయింది. ధైర్యం కోసం ఫోను తీసింది. ఫోను చెవికి పెట్టుకునే అలవాటు ఆమెకు లేదు. అరచేతిలో అప్పడంలా పెట్టుకుని, స్పీకర్లో ఊరికంతా వినబడేలా మాట్లాడుతుంది.

"సలోమీ, నేను హజరక్కను. ఆ క్యాన్సర్ పరీక్షకు వచ్చి కూర్చున్నానమ్మా, కాళ్లు వణుకుతాండాయి. మీ అక్క ఆడ నీతోనే గదా చేయించుకునింది? నిజం చెప్పు, నొప్పుంటాదా?"

"ఏం పరీక్షక్కా?" అంది పులివెందుల నుంచి సలోమి గొంతు, హాలంతా ఖంగుమనేట్టు. "సుందరక్క ఈడికొచ్చి యాడాది దాటిపాయె. నా మోకాలు చూసిపోను వచ్చింది, రెండో పొద్దే బస్సెక్కింది. పరీక్ష గిరీక్ష ఏం లేదే!"

వైదేహి టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. "దానికి మతిమరుపు" అంది సుందరమ్మ. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

హజరాబీ లేచింది. సుందరమ్మ రెక్క పట్టుకుని హాలు వెనక నీళ్ల డ్రమ్ము దగ్గరికి లాక్కుపోయింది. ఇన్నేళ్లలో సుందరమ్మను ఎవరైనా రెక్క పట్టుకుని లాగడం అదే మొదలు.

"తెల్లచీర ఏంటికి మానేసినావు?"

"ఎండకు..."

"ఎండకు నల్ల లంగా కట్టుకునేదాన్ని నిన్నే చూస్తాండా! ఎన్నాళ్ల నుంచి?"

సుందరమ్మ డ్రమ్ము మూత సర్దింది. సర్దిన మూతనే మళ్లీ సర్దింది. "క్రిస్మస్ అయిన కాడి నుంచి" అంది చివరికి. అనగానే ఇన్నాళ్ల భయమూ ఒక్కసారిగా కళ్లలోకి వచ్చేసింది. "భయమైతాంది హజరా. రోజూ భయమే. బాత్రూముకు పోవాలన్నా భయమే."

"భయమైతే డాక్టర్ దగ్గరికి పోతారు. నువ్వు నల్లగుడ్డ తెచ్చి నా నెత్తిన కొడితివే!"

"ఏదన్నా తేలితే ఆయన్ని ఏమనుకుంటారే ఈ ఊరోళ్లు? మగోళ్లు తెచ్చేదేనని నేనే గదా ఊరంతా దండోరా వేసింటి. నైట్ హాల్ట్ కండక్టరని నవ్వరా?"

హజరాబీ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "పాల్ రాజన్న పోయి పదేండ్లాయె. ఆయన పేరు కాపాడనీకి నువ్వు కూడా ఆయన దగ్గరికే పోతావా? వచ్చినావా అని సంతోషపడతాడనుకుంటివా? ఈడ నీ ముందు నోరెత్తనోడు, ఆడ కూడా నీతో పడల్లా పాపం!"

ఏడుపులోనే సుందరమ్మకు నవ్వొచ్చింది. ముక్కు చీదింది.

"ఇది విను" అంది హజరాబీ. "నువ్వు లోపలికి పోతే నీ వెనకనే నేను పోతా, పిల్లకు టీకా వేయిస్తా. నువ్వు పోలేదా, బురఖా దులుపుకుని పిల్లను తీసుకుని ఇంటికి పోతా. రేపు దానికేమన్నా అయితే పాపం నీది."

"దాదీ" అని గుమ్మంలోంచి మసరత్ తల బయటపెట్టింది. "మీ ఇద్దరి బేరం అయిపోతే చెప్పండి. నాకు ట్యూషనుంది."

సుందరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి నడిచింది. హాల్లో ఉన్న ఆడవాళ్లు ఆమెకు దారిచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు తిట్టే అవకాశమన్నా దొరికేది.

తెర వెనక బల్ల ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. పైన నక్షత్రాలు కనబడుతున్నాయి. రెండు ఊడిపోయి వేలాడుతున్నాయి, ఎవరు అంటించారో వెధవ పని అనుకుంది. డాక్టరమ్మ అడిగినవన్నీ చెప్పింది. ఒక్కటి మాత్రం తిరిగి అడిగింది.

"ఏదన్నా ఉంటే, మా ఆయన వల్లనే వచ్చిందని తేలుతాదా అమ్మా?"

కౌముది ఆగింది. "ఎవరు చెప్పారండీ మీకు అలా?"

"నేనే చెప్పినా. ఊరందరికీ."

"ఈ వైరస్ పెళ్లయిన వాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది టీచర్ గారూ. చాలామందిలో దానంతటదే పోతుంది, కొందరిలో ఇరవై ఏళ్లయినా చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. ఎవరి నుంచి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. మీ ఆయన సంగతి తెలుసుకోవాలంటే నా దగ్గర మందు లేదు. మీ సంగతి చెప్తాను, కాళ్లు వదులుగా పెట్టండి."

ఆ తర్వాత డాక్టరమ్మ అందరి దగ్గరా తీసుకున్న దానికంటే ఎక్కువసేపు చూసింది. "రేపే ప్రొద్దుటూరు రండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఎల్లుండి కాదు, రేపే" అంది. సుందరమ్మ చీర సర్దుకుని బయటికొచ్చేసరికి హజరాబీ గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఉంది, మాట ప్రకారం. మసరత్ టీకా వేయించుకుని చేయి రుద్దుకుంటూ, "దోమ కుట్టినట్టుంది. దీనికేనా ఇంత రచ్చ?" అంటోంది.

ప్రొద్దుటూరుకు చీరలు కొనడానికి పోతున్నామని ఇద్దరూ పేటలో చెప్పారు. పోయిన ప్రతిసారీ వట్టి చేతులతో తిరిగొచ్చారు. "ప్రొద్దుటూరు మొత్తంలో టీచరుకు ఒక్క చీర నచ్చలేదంట!" అని పేట ఆశ్చర్యపోయింది. ముక్క పరీక్షలో క్యాన్సరనే తేలింది. మొదట్లోనే ఉంది, పాకలేదు, గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. ఇంకో ఏడాది ఇట్లాగే ముదురు చీరలు కట్టుకుని కూర్చుని ఉంటే మాట వేరుగా ఉండేదని కూడా డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. తిరుపతిలో ఆపరేషను చేశారు. సలోమి కుంటుకుంటూ వచ్చి ఆసుపత్రిలో పక్కన కూర్చుంది. హజరాబీ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని పదో తరగతి పాసైనట్టు వీధంతా చూపించుకుంది.

బాగై తిరిగొచ్చాక సుందరమ్మ స్త్రీల సమాజంలో లేచి నిలబడి, జరిగినదంతా తనే చెప్పేసింది. ఎవరో చెప్పుకుని ఆనందించే లోపు తానే చెబితే పెత్తనం తన చేతిలో ఉంటుంది కదా! పులివెందుల అబద్ధం కూడా దాచలేదు. మగవాళ్ల మీద వేసిన నిందను కూడా వెనక్కి తీసుకుంది, కొంచెం అయిష్టంగానే. ఆ కబురు చేరిన సాయంత్రం యజ్ఞనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలో రెండు మూడు చుట్లు తిరిగాడు. వైదేహి మాత్రం, "పరీక్ష చెప్పదని చెప్పినారు గానీ, ఏమీ లేదని చెప్పలేదు గదా" అందట. ఆయన మళ్లీ నీరుగారిపోయాడు.

మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. టీచరు వస్తోందని ముందే తెలిసి పేట ఆడవాళ్లందరూ తెల్లచీరలు దులిపి, గంజి పెట్టి కట్టుకున్నారు. సుందరమ్మ చిక్కిపోయింది. ఎక్కువసేపు నిలబడలేక మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. ట్రంకు పెట్టె వాసన వేస్తున్న తెల్లచీరలో కూర్చుని, పాత కళ్లతోనే ఒక్కొక్కరినీ కొలిచి లోపలికి పంపుతోంది. అప్పుడు అయ్యగారి ఇంటి వైపు నుంచి రెబెకా అమ్మగారు వచ్చింది, మెరూన్ చీరలో.

లోపలికి పోబోతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. పాస్టరు భార్యను టీచరు ఏమంటుందో చూడకుండా పోతే ఆ రోజు ఆరాధన ఫలించదు మరి! సుందరమ్మకు ఆ పాత మాట నాలుక చివరికి వచ్చింది, ఏంది అమ్మగారూ, పెండ్లికి పోతాండారా అని. అనబోయి ఆగింది. తన తర్వాత తెల్లచీర మానేసిన మొదటి మనిషి ఈమే. అప్పటి నుంచి ఒక్క నెల కూడా తెల్లచీర కట్టలేదు. క్యాంపు రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టవ్వు వదల్లేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ టీ పోసింది. అందరూ మోజనుకున్నారు, సేవనుకున్నారు. అందరితో పాటు తనూ అనుకుంది. తను! సుందరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కుర్చీ పట్టుకుని లేచింది. అమ్మగారి చేయి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి అమ్మగారూ?"

అమ్మగారు చుట్టూ చూసింది. "నాకూ ఆ పొద్దు పోదామనే ఉండె టీచర్. అందరికీ టీ పెట్టల్ల గదా అని..."

లోపల మొదటి పాట అందుకున్నారు. మెట్ల మీద ఆడవాళ్లు ఇంకా మెడలు చాచి చూస్తూనే ఉన్నారు.

"రేపు టీ అయ్యగారే పెట్టుకుంటాడు లెండి" అంది సుందరమ్మ. "ఫస్ట్ బస్సుకు తయారుగా ఉండండి. ఎవరన్నా అడిగితే ప్రొద్దుటూరుకు చీరలకు పోతాండామని చెప్పండి."

ఆమె చేయి వదలకుండానే లోపలికి నడిపించుకుపోయి, తన పక్కన వెనక బెంచీలో కూర్చోబెట్టుకుంది.